లోయర్ ఆర్మ్ పోయిందంటే ఏం మార్చాలి?

కారు ముందు నుంచి చప్పుడు వస్తోందని గ్యారేజీకి తీసుకెళ్తే తరచుగా వినపడే మాట: "లోయర్ ఆర్మ్‌లు పోయాయి సార్, సెట్టు మార్చేద్దాం." ఏ కంపెనీ సెట్టు అని అడిగితే, "ఒరిజినల్‌కి సప్లై చేసేవాళ్లదే సార్, డబ్బా ఒక్కటే తేడా" అంటారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. లోయర్ ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని కింద నుంచి కారుకి కలిపి పట్టుకునే ఇనుప చెయ్యి. ఆర్మ్ వంగకుండా, బాల్ జాయింట్ (చక్రం వైపు కొసన ఉండే గుండు కీలు) బిగువుగా ఉంటే, కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆర్మ్‌ని ఉంచుకుని దానికి కార్ల కంపెనీ బుష్‌లు (కారు వైపు కొసల్లో ఉండే రబ్బరు కీళ్లు) వేయించడమే మన ఊళ్లలో మంచి బేరం. బాల్ జాయింట్ కూడా లూజైతే కంపెనీ అసెంబ్లీ, అంటే బుష్‌లూ బాల్ జాయింటూ బిగించి వచ్చే ఆర్మ్ మొత్తం, కొనాలి. కంపెనీ ధరలో సగానికీ మూడో వంతుకీ దొరికే కొత్త ఆర్మ్ సెట్టు మాత్రం, నిగనిగలాడే నల్ల పెయింటుతో ఎంత ముచ్చటగా ఉన్నా, నేను నా కారుకి వేయించను.

మా ఇంట్లో ఉన్నది పాత స్విఫ్ట్. దాని ముందు సస్పెన్షన్ మాక్‌ఫెర్సన్ స్ట్రట్ రకం. ఎర్ల్ మాక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1940ల్లో రూపొందించిన ఈ పద్ధతికి ఖర్చు తక్కువ, చోటు తక్కువ. అందుకే ఆల్టో నుంచి క్రెటా దాకా మనం రోజూ చూసే కార్లలో ఎక్కువ వాటికి ఇదే. ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో లాంటి బళ్లకి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్‌లు ఉంటాయి కాబట్టి వాటి సంగతి వేరు. స్ట్రట్ ఉన్న కారులో పైన షాకబ్జర్, కింద ఒకే ఒక్క ఆర్మ్. బ్రేకు వేసినా, గుంతలో పడినా, మలుపు తిరిగినా చక్రం కింది భాగాన్ని దాని చోటులో పట్టి ఉంచేది ఆ ఒక్కటే.

ఆ ఆర్మ్ చాలా కార్లలో ఇంగ్లిషు ఎల్ అక్షరంలా ఉంటుంది. బయటి కొసన బాల్ జాయింట్, లోపలి వైపు రెండు బుష్‌లు. ముందు బుష్ దాదాపు బాల్ జాయింటుకి ఎదురుగా ఉంటుంది, మలుపుల్లో పక్క నుంచి పడే బరువంతా దాని మీదే. అందుకని అది చిన్నగా, గట్టిగా ఉంటుంది. వెనక బుష్ పెద్దది, మెత్తనిది. బ్రేకు వేసినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది. అప్పుడు ఆర్మ్ ముందు బుష్ చుట్టూ కొంచెం తిరిగి, వెనక కాలు కారు మధ్యకి జరగాలని చూస్తుంది. ఆ జరుగుడుని మెత్తగా ఆపేది వెనక బుష్. గుంత దెబ్బ స్టీరింగుకీ బాడీకీ నేరుగా చేరకుండా మింగేది కూడా అదే. మన రోడ్ల మీద ముందు చిరిగేది కూడా చాలావరకు అదే.

చిరిగితే ఏమవుతుందో చిన్న లెక్క వేసుకోవచ్చు. వెనక బుష్ దగ్గర ఆర్మ్ 5 మిల్లీమీటర్లు అదనంగా జరిగిందనుకుందాం. చిన్న కార్ల కొలతల ప్రకారం బాల్ జాయింట్ దగ్గర అది 6 మిల్లీమీటర్ల దాకా వెనక్కి జరగడంగా మారుతుంది. బాల్ జాయింట్ నుంచి స్ట్రట్ పై కొసకి 60 సెంటీమీటర్లు ఉందనుకుంటే, కాస్టర్ కోణం (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలిన వాలు) అర డిగ్రీకి పైగా పోయినట్టే. పైగా స్టీరింగుని చక్రానికి కలిపే టై రాడ్ తన చోట అలాగే ఉంటుంది కాబట్టి చక్రం టో (ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది, అదీ బ్రేకు నొక్కినంత సేపే. బ్రేకు వేస్తే కారు పక్కకి లాగడం, వదిలితే మళ్లీ సర్దుకోవడం అందువల్లే. చక్రాల కోణాలు కొలిచే అలైన్‌మెంట్ మెషీన్ మీద కారు కదలకుండా నిలబడి ఉంటుంది, అక్కడ ఈ తేడా సరిగా బయటపడదు. అన్నీ పచ్చగా చూపించి డబ్బులు తీసుకుంటారు, టైరు అంచు మాత్రం అరుగుతూనే ఉంటుంది.

ఇక "పోయింది" అనే తీర్పు సంగతి. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా వెళ్తుంటే టకటక మని సన్నగా వినపడేది చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీకి తగిలించే చిన్న రాడ్). స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు లాగి వదిలినట్టు టంగుమంటే స్ట్రట్ పైన మౌంటు, బేరింగు చూడాలి. బ్రేకు నొక్కగానే, లేదా రివర్స్ నుంచి ముందుకు తీసేటప్పుడు 'దబ్' మని ఒక్క మొద్దు చప్పుడు వస్తే అప్పుడు అనుమానం బుష్ మీదకి పోవాలి. లింక్ రాడ్ మార్చడం ఇందులో అన్నిటికన్నా చవక పని, ముందు దాన్ని చూడమని అడగడంలో నామోషీ ఏమీ లేదు.

కారుని లేపి, రాడ్ పెట్టి ఆర్మ్‌ని కదిపి చూపిస్తారు. చూడండి, కానీ ఏం చూస్తున్నారో తెలుసుకుని చూడండి. చాలా కార్ల వెనక బుష్‌లో రబ్బరు మధ్య నెలవంక ఆకారంలో ఖాళీలు ఉంటాయి. అవి తయారీలోనే కావాలని పెట్టినవి, ఒక దిశలో మెత్తగా, ఇంకో దిశలో గట్టిగా ఉండడానికి. టార్చి వేసి ఆ ఖాళీనే చూపిస్తూ "చూశారా సార్, ఎలా చీలిపోయిందో" అని చెప్పిన గ్యారేజీ ఒకటి నాకు తగిలింది. నమ్మకపోతే రెండో వైపు బుష్ కూడా చూపించమనండి. రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా, అంచులు నున్నగా ఉంటే అది డిజైను. అంచులు గరుకుగా, ఒక వైపే ఉంటే, లేదా రబ్బరు ఇనుప గొట్టం నుంచి ఊడి వస్తుంటే అది చిరుగు. పై పొరలో వెంట్రుకవాసి పగుళ్లు పాత రబ్బరుకి మామూలే, వాటి కోసం ఆర్మ్ దింపక్కర్లేదు. రాడ్‌తో నొక్కితే బుష్ కొంచెం కదలడం కూడా సహజం. అది కదలడానికే ఉంది.

బాల్ జాయింట్ విషయంలో మాత్రం ఈ ఉదారత పనికిరాదు. దానిలో పైకీ కిందికీ ఆట ఉంటే, రబ్బరు బూటు చిరిగి లోపలికి నీళ్లు, మట్టి పోయి ఉంటే, మార్చాల్సిందే. బుష్ పోతే టైర్లు పోతాయి. బాల్ జాయింట్ ఊడితే చక్రం బయటికి వాలిపోయి కారు రోడ్డు మీద కూలబడుతుంది. కొన్ని కార్లలో అది బోల్టులతో విడిగా వస్తుంది, చాలావాటిలో ఆర్మ్‌లో భాగంగా వస్తుంది. ఆర్మ్‌లో భాగమైతే, లేత్ షాపులో పాతది కొట్టి తీసి కొత్తది వెల్డింగ్ పెట్టి ఇస్తామనే వాళ్లు ఉన్నారు. ఆ మాట వింటే బండి తాళాలు తీసుకుని వచ్చేయండి. వెల్డింగ్ వేడికి బాల్ జాయింట్ లోపలి ప్లాస్టిక్ సీటూ, గ్రీజూ ఏమవుతాయో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇప్పుడు అసలు తగువుకి వద్దాం. కొత్త ఆర్మ్ ఉండగా పాత ఆర్మ్‌ని పట్టుకుని వేలాడడం ఎందుకు?

యూట్యూబులో ఎక్కువగా కనిపించే అమెరికన్ వీడియోలన్నీ ఒకే మాట చెప్తాయి: బుష్ ఒక్కటే మార్చే శ్రమ ఎందుకు, ఆర్మ్ అసెంబ్లీ మార్చేయండి. వాళ్ల లెక్క వాళ్లకి సరైనదే. అక్కడ మెకానిక్ గంట కూలి సామాను ధరని మించిపోతుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఆర్మ్‌లూ బోల్టులూ తుప్పు పట్టి ఉంటాయి. ఇంటి గరాజులో సొంతంగా పని చేసుకునేవాళ్లకి ప్రెస్సు ఉండదు. డెట్రాయిట్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు రాక్ఆటో అనే ఆన్‌లైన్ విడిభాగాల షాపులో అసెంబ్లీ తెప్పించుకుని ఆదివారం పూట బిగించుకుంటున్నారంటే అందుకే. ఇక్కడ లెక్క తలకిందులు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల గానీ హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న షాపు వెతుక్కోవడం కష్టం కాదు, బుష్ నొక్కే కూలి కొన్ని వందల్లో పని. మన ఆర్మ్‌లకి ఉప్పు తుప్పు బెడదా తక్కువ, సముద్రం ఒడ్డు ఊళ్లని మినహాయిస్తే. అంటే ఇనుము బాగానే ఉంది, పాడైంది రబ్బరు. బాగున్న ఇనుముని పారేసి, ఎవరు కలిపారో తెలియని రబ్బరున్న ఆర్మ్ కొనుక్కోవడం ఆ వీడియోల సలహాని గుడ్డిగా దిగుమతి చేసుకోవడమే.

బుష్ అంటే రెండు గొట్టాల మధ్య రబ్బరు ముక్క అని తేలిగ్గా తీసేస్తాం గానీ, మంచి బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ తయారీలోనే అంటుకుపోయి ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు ఏదీ దేని మీదా జారదు. రబ్బరే మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. కాబట్టి దాని ఆయుష్షంతా రబ్బరు మిశ్రమం మీదా, ఇనుముకి అది అంటుకున్న పట్టు మీదా ఉంటుంది. ఈ రెండూ కంటికి కనిపించవు, వేలితో నొక్కితే తెలియవు. చవక సెట్టులో డబ్బు మిగిల్చేది సరిగ్గా ఈ కనిపించని చోటే. రేకు మందం తగ్గిస్తే కొనేవాడు తూచి పట్టేస్తాడు, రబ్బరులో కల్తీ చేస్తే ఎవరు పట్టుకుంటారు? పైగా కార్ల కంపెనీ ఒక్కో మోడల్‌కి ఒక్కో మెత్తదనం ఎంచుకుంటుంది, టైరు సైజు, బరువు, స్టీరింగ్ ఫీల్ అన్నీ కలిపి. ఒకే ఆకారంలో ఉన్నంత మాత్రాన రెండు బుష్‌లు ఒకటి కావు.

"ఒరిజినల్‌కి సప్లై చేసేవాళ్లదే" అనే మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. కార్ల కంపెనీలు బాల్ జాయింట్లూ బుష్‌లూ చాలావరకు బయటి నుంచే తెచ్చుకుంటాయి. చెన్నై కంపెనీ రాణే స్టీరింగ్, సస్పెన్షన్ జాయింట్లు కార్ల కంపెనీలకీ ఇస్తుంది, బజారులో తన పేరుతోనూ అమ్ముతుంది. జర్మన్ కార్లకైతే జెడ్ఎఫ్ గ్రూపు లెమ్‌ఫోర్డర్, టీఆర్‌డబ్ల్యూ డబ్బాలు కంపెనీ డబ్బాతో సమానంగా చూసేవాళ్లు ఎక్కువ, నేనూ చూస్తాను. జపాన్, కొరియా కార్లకి 555, సీటీఆర్ లాంటి పేర్లున్నాయి. ఇలా తయారీదారు పేరు తెలిసి, ఆ పేరు మీద పరువు ఉన్న సామానుతో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ, పేరు అడిగితే దేశం పేరు చెప్పే డబ్బాలతో. "జపాన్ సార్", "తైవాన్ సార్" అంటే అది తయారీదారు పేరు కాదు కదా.

మంచి పేరున్న డబ్బాకే నకిలీలు ఎక్కువ. అందుకే నేను చేసేది ఒక్కటే: పార్ట్ నంబరుతో అధీకృత డీలరు దగ్గర జీఎస్టీ బిల్లు మీద కొనడం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతానికి వచ్చింది, అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. "బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తాం" అనే ఎర అప్పటికన్నా ఇప్పుడు చిన్నదైంది. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీ నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా ఉండాలని చట్టం. రబ్బరు సామాను కాబట్టి ఆ తయారీ తేదీ నాకు మిగతా వాటికన్నా ముఖ్యం. ఏళ్ల తరబడి ఎండ తగిలే అరలో మూలుగుతున్న బుష్ ఎంత ఒరిజినల్ అయితే మాత్రం ఏం లాభం?

హైదరాబాద్‌లో పుత్లీబౌలి లాంటి చోట పాత కార్ల నుంచి విప్పిన ఆర్మ్‌లు దొరుకుతాయి. మీ ఆర్మ్ గుంతలో పడి వంగి ఉంటే, కంపెనీ ఆర్మ్ ధర భరించలేకపోతే, అలాంటిది తెచ్చి కొత్త బుష్‌లు వేయించడం ఒక దారే. అది వంగలేదని ఎలా తెలుస్తుందన్నదే చిక్కు. అదే వైపు సరైన ఆర్మ్ పక్కన పెట్టి బోల్టు రంధ్రాల మధ్య దూరాలు కొలవాలి. అంత ఓపిక ఉన్న మెకానిక్ దొరికితే సరే.

పాలీయూరిథేన్ బుష్‌ల గురించి అడిగేవాళ్లు కుర్రాళ్లలో ఎక్కువ. ఎరుపు, పసుపు రంగుల్లో చూడ్డానికి బాగుంటాయి, చమురుకి అంత తేలిగ్గా పాడవవు, తొందరగా చిరగవు, స్టీరింగ్ చురుగ్గా అవుతుంది. ఇవన్నీ నిజమే. కానీ వాటిలో పదార్థం గొట్టానికి అంటుకుని ఉండదు, గొట్టం చుట్టూ జారుతుంది. అందుకే సిలికోన్ గ్రీజు కావాలి, అది ఆరిపోతే కిచకిచలు మొదలు. పైగా ఎల్ ఆకారపు ఆర్మ్‌లో వెనక బుష్ ఒక్క దిశలోనే తిరగదు, అటూ ఇటూ ఒరుగుతుంది కూడా. గట్టి పాలీ ఆ ఒరుగుడుకి అడ్డం పడుతుంది, మింగాల్సిన గుంత దెబ్బ ఆర్మ్ బిగించి ఉండే సబ్‌ఫ్రేముకీ స్టీరింగుకీ చేరుతుంది. రేస్ ట్రాక్ మీద తిప్పే కారుకి వేసుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆఫీసుకి వెళ్లే కారుకి ఎందుకు?

మన స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా. మన కాలనీల్లో అదే ఎత్తుని, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువని, ఒక అడుగు వెడల్పులో పోస్తారు. బుష్ నాణ్యత గురించి ఎంత వాదించుకున్నా, దాని పక్కన ఈ సిమెంటు గోడలు కూడా ఉన్నాయి.

బుష్‌ని చంపే ఇంకో అలవాటు మన సర్వీస్ స్టేషన్లలో ఉంది. వాషింగ్ అయ్యాక తుప్పు పట్టకుండా అంటూ కింద డీజిల్, పాత ఇంజిన్ ఆయిల్ స్ప్రే కొడతారు. ఇనుముకి మంచిదే కావచ్చు, సహజ రబ్బరు మాత్రం పెట్రోలియం నూనెలకి ఉబ్బి మెత్తబడిపోతుంది. కొత్త బుష్ వేయించి పై నెలలో దాని మీద డీజిల్ కొట్టించడం ఏం విజ్ఞత? ప్రెస్సులో నొక్కేటప్పుడు కూడా గ్రీజు వద్దు, సబ్బు నీళ్లు చాలు. సుత్తితో కొడుతుంటే ఆపించండి, బయటి గొట్టం సొట్ట పడితే రబ్బరు పట్టు అక్కడే ఊడడం మొదలవుతుంది. ఖాళీలున్న బుష్ అయితే అవి ఏ దిశలో ఉండాలో పాతది తీయకముందే గుర్తు పెట్టుకోవాలి. తిప్పి నొక్కితే మెత్తగా ఉండాల్సిన దిశలో గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా తయారవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పని బిగించడం. నన్నడిగితే బ్రాండు గురించి పడే టెన్షన్‌లో సగం దీని మీద పెట్టాలి. గ్యారేజీలో లిఫ్ట్ మీద కారు గాల్లో ఉంటుంది, చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. ఆ స్థితిలోనే నట్లు తిప్పే గన్ పెట్టి బుష్ బోల్టులు బిగించేస్తే, లోపలి గొట్టం అదే కోణంలో లాక్ అయిపోతుంది. కారు దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలి తిరుగుతుంది. 33 సెంటీమీటర్ల ఆర్మ్ 8 సెంటీమీటర్లు పైకి లేచిందంటే దాదాపు 14 డిగ్రీల మెలి. కారు ఇంట్లో నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలి పోదు. ఇక ప్రతి స్పీడ్ బ్రేకరూ దాని పైన అదనం. ఒరిజినల్ బుష్ వేయించినా తొందరగా చిరిగిందని కంపెనీని తిట్టుకునే వాళ్లలో కొందరి అసలు కథ ఇదే అయి ఉంటుంది.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. పని మొదలుపెట్టకముందు, కారు నేల మీద ఉండగా, చక్రం మధ్య నుంచి దాని పైన ఉండే ఫెండర్ రేకు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఆర్మ్ ఎక్కించాక బోల్టులు చేత్తో పట్టే వరకు మాత్రమే తిప్పించండి. తర్వాత ఆర్మ్ బయటి కొస కింద జాకీ పెట్టి, రాసుకున్న దూరం వచ్చే దాకా లేపి, అప్పుడు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించాలి. గుంట ఉన్న గ్యారేజీ అయితే కారుని నాలుగు చక్రాల మీద నిలబెట్టి కింద నుంచి బిగించడం ఇంకా తేలిక. కొన్ని కార్లలో వెనక బుష్ బోల్టు నిలువుగా ఉంటుంది, దానికి ఈ మెలి బాధ తక్కువ. ముందు బుష్‌కి మాత్రం తప్పదు. బాల్ జాయింట్ నట్టు లాకింగ్ రకమైతే పాతది మళ్లీ వాడనివ్వకండి, కొత్తది చవక వస్తువే. "అన్నా, దించాక బిగిస్తావా, గాల్లోనే బిగిస్తావా?" అని పని ఒప్పుకోకముందే అడగండి. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టి నేను గ్యారేజీ మారిన సందర్భం ఉంది.

రెండు వైపులా ఒకేసారి మార్చాలా అంటే, బుష్‌లైతే మార్చాలనే అంటాను. ఒక వైపు కొత్తది బిర్రుగా, ఇంకో వైపు పాతది వదులుగా ఉంటే బ్రేకులో చక్రాలు రెండూ ఒకేలా వెనక్కి జరగవు. బాల్ జాయింట్ విషయంలో ఆ నియమం అక్కర్లేదు, పోయిన వైపే మార్చినా చాలు.

నా సలహా అందరికీ పనికొస్తుందని అనను. క్యాబ్ నడిపేవాళ్లకి బండి ఆగిన ప్రతి గంటా కిరాయి పోయినట్టే. ఆర్మ్ విప్పి, లేత్ షాపుకి పంపి, బుష్ నొక్కించుకుని తెచ్చేలోపు సగం రోజు పోతుంది. వాళ్లు అసెంబ్లీ తీసుకుని రెండు గంటల్లో రోడ్డెక్కడం సబబే, ఆ అసెంబ్లీ మంచిదైతే. కొన్ని మోడళ్లకి కంపెనీ బుష్‌లు విడిగా అమ్మదు, ఆర్మ్ మొత్తం కొనమంటుంది. అలాంటప్పుడు బజారు బుష్ ధరకీ కంపెనీ ఆర్మ్ ధరకీ పది రెట్లు తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. నేనైతే అక్కడ పేరున్న తయారీదారు బుష్ వెతుకుతాను, దొరక్కపోతే డబ్బు కూడబెట్టుకుని ఆర్మ్ కొంటాను.

పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న చిన్న కార్లలో మామూలుగా ముందు సర్దగలిగేది టో ఒక్కటే. క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికో బయటికో వాలే కోణం), కాస్టర్ ఫ్యాక్టరీలో కుదిరినవి కుదిరినట్టే ఉండాలి. ప్రింటు తీసుకుని ఎడమ, కుడి కాస్టర్ అంకెలు పక్కపక్కన చూడండి. బాగా తేడా ఉంటే ఎక్కడో ఆర్మ్ వంగి ఉంది, లేదా సబ్‌ఫ్రేము జరిగి ఉంది. ఆ కారణం వెతకకుండా, "క్యాంబర్ సెట్ చేస్తాం సార్" అంటూ స్ట్రట్ బోల్టు రంధ్రాన్ని రాపాడి పెద్దది చేయడానికో, జాకీ పెట్టి స్ట్రట్‌ని వంచడానికో సిద్ధమైతే ఒప్పుకోకండి. టో సరిచేసినందుకు డబ్బులిచ్చి, ఆ ప్రింటు పట్టుకుని ఆర్మ్ బిగించిన గ్యారేజీకే వెనక్కి వెళ్లండి.